సెలైన్ సూది ఎప్పుడు మార్చాలి?

ఆసుపత్రిలో నాలుగు రోజులు మంచం మీద ఉన్నవాళ్లకూ, పక్కన కాపలా కూర్చున్న బంధువులకూ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. చేతికి పెట్టిన సెలైన్ సూది బాగానే పనిచేస్తుంటుంది. నొప్పి లేదు, వాపు లేదు, మందు చక్కగా ఎక్కుతోంది. అయినా మూడో రోజు దాటగానే సిస్టర్ వచ్చి దాన్ని తీసేసి, మరోచోట కొత్తది గుచ్చుతుంది. బాగున్న సూదిని ఎందుకు తీయాలి అని అడిగితే, "మూడు రోజులైంది కదండీ, మార్చాలి" అంటుంది. ఆ మాట వెనక ఒక భయం ఉంది. సూది ఎక్కువ రోజులుంటే నరం వాస్తుందని, క్రిములు రక్తంలో చేరతాయని. ఆ భయం సబబైనదే. అయితే రెండు రోజులు కాకుండా, ఐదు రోజులు కాకుండా మూడు రోజుల దగ్గరే గీత ఎవరు గీశారు? దేన్ని చూసి గీశారు?

మనం సూది అంటున్నాం గానీ చేతిలో ఉండిపోయేది సన్నటి ప్లాస్టిక్ గొట్టం. దాని పేరు కాన్యులా. ఉక్కు సూది మీద తొడిగి ఉంటుంది. సిరలోకి దిగగానే నర్సు ఉక్కు సూదిని వెనక్కి లాగేస్తుంది, మెత్తటి గొట్టం లోపల ఉండిపోతుంది. చేయి కదిలినప్పుడల్లా అది సిర లోపలి పొరను రాసుకుంటుంది. కొన్ని మందులు ఆ పొరను మండిస్తాయి. చర్మం మీది క్రిములు గొట్టం వెంబడి లోపలికి పాకే వీలూ ఉంది. వీటివల్ల సిర ఎర్రబడి, వాచి, తాకితే తాడులా గట్టిగా తగలడాన్ని ఫ్లెబైటిస్ అంటారు. మనం సిరవాపు అందాం. పాతకాలపు గొట్టాల ప్లాస్టిక్ సిరను ఎక్కువ బాధించేది, కాబట్టి తొందరగా తీసేయడంలో అర్థం ఉండేది. తర్వాత మెత్తటి పాలియురెథేన్ గొట్టాలు వాడుకలోకి వచ్చాయి. అయినా 2002లో కూడా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, పెద్దవాళ్లలో కాన్యులాను 72 నుంచి 96 గంటలకోసారి మార్చాలనే సూచించింది. వార్డులో నియమాలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఒక కారణంతో పుడతాయి, కారణం మారిపోయాక కూడా అలవాటు బలంతో నిలబడతాయి. వాటిలో ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడానికి నర్సుల చేతిలో ఉన్న మేలైన సాధనం క్రమబద్ధ సమీక్ష. సిస్టమాటిక్ రివ్యూ అనే పేరుతో ఇది వైద్యరంగంలో ప్రసిద్ధం. ఈ సమీక్ష నర్సు కంటికి పని తగ్గించదు, ఆ కన్ను ఎక్కడ నిలపాలో చూపిస్తుంది. ఈ అధ్యాయంలో నిరూపించదలచుకున్నది అదే.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసి చెప్పేస్తాం. గింజలన్నీ ఒకే బియ్యం, ఒకే గిన్నె, ఒకే మంట కాబట్టి ఆ పరీక్ష సరిపోతుంది. ఊళ్లో పది ఇళ్లలో పది పొయ్యిల మీద అన్నం ఉడుకుతుంటే? ఒకరిది కొత్త బియ్యం, ఒకరిది పాత బియ్యం. ఒకరు ఎసరు ఎక్కువ పోశారు, ఒకరు మంట తగ్గించారు. ఒక ఇంటి మెతుకు పట్టుకుని ఊరంతటికీ తీర్పు చెప్పలేం. ఆసుపత్రులదీ ఇదే పరిస్థితి. ఒకచోట రోగులు ముసలివాళ్లు, ఒకచోట ఆపరేషన్ అయిన కుర్రవాళ్లు. ఒకచోట చేయి తిరిగిన నర్సులు సూది పెడతారు, ఇంకోచోట అప్పుడే చదువు ముగించినవాళ్లు పెడతారు. ఒక ఆసుపత్రిలో నలభై మందిని చూసి చేసిన పరిశోధనలో తేడా కనిపించినా అది కాకతాళీయం కావచ్చు. కనిపించకపోయినా, ఉన్న తేడా అంత చిన్న సంఖ్యలో బయటపడకపోయి ఉండవచ్చు.

అనుభవం ఉంది కదా అని అడగవచ్చు. అనుభవానికి విలువ ఉంది, దానికో లోపమూ ఉంది. ఇరవై ఏళ్లు పనిచేసిన నర్సుకు, ఐదో రోజు చేయి ఉబ్బి జ్వరం తెచ్చుకున్న రోగి గుర్తుంటాడు. ఐదో రోజు కూడా ఏ గొడవా లేకుండా ఇంటికి వెళ్లిన వందలమంది గుర్తుండరు. జ్ఞాపకం భయపెట్టిన సంఘటనలనే పట్టి ఉంచుతుంది. పెద్ద నిపుణుల మాటకూ ఇదే పరిమితి ఉంది. తమకు నచ్చిన నాలుగు పరిశోధనలు ఎంచుకుని, మిగిలినవాటిని పక్కనపెట్టి సలహా రాయడం ఒకప్పుడు వైద్యపుస్తకాల్లో మామూలు. బ్రిటన్‌కు చెందిన వైద్యుడు ఆర్చీ కాక్రేన్ 1979లో ఈ స్థితిని గట్టిగా విమర్శించారు. ప్రతి వైద్యవిభాగంలోనూ జరిగిన నమ్మదగ్గ పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టి, ఒకచోట చేర్చి, ఎప్పటికప్పుడు సరిచూసే ఏర్పాటే లేదన్నది ఆయన బాధ. ఆ పని కోసమే 1993లో ఇయన్ చామర్స్ చొరవతో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా, ఆయన పేరుమీద కాక్రేన్ సంస్థ మొదలైంది. మూడేళ్లకు, 1996లో, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో నర్సింగ్ ప్రశ్నలను ప్రధానంగా పట్టించుకునే మరో సంస్థ పుట్టింది. రాయల్ అడిలైడ్ ఆసుపత్రి తొలి మేట్రన్ జోవానా బ్రిగ్స్ పేరే దానికి పెట్టారు.

సమీక్ష నడిచే తీరు

క్రమబద్ధ సమీక్షలో మొదటి మెట్టు ప్రశ్నను బిగించడం. "సూది ఎన్నాళ్లు ఉంచాలి" అని వదులుగా అడిగితే జవాబు రాదు. ఎవరిలో, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏ ఫలితం అనే నాలుగు ముక్కలుగా అడగాలి. ఆసుపత్రిలో ఉన్న రోగుల్లో, అవసరం కనిపించినప్పుడే కాన్యులా మారిస్తే, గడువు ప్రకారం మార్చడంతో పోలిస్తే, సిరవాపు పెరుగుతుందా? ఇప్పుడిది జవాబు చెప్పగల ప్రశ్న. రెండో మెట్టు, వెతకడానికి ముందే నియమాలు రాసి నలుగురికీ తెలిసేలా ప్రకటించడం. ఎలాంటి పరిశోధనలను తీసుకుంటాం, వేటిని వదిలేస్తాం, ఏ ఫలితాన్ని ముఖ్యమని లెక్కిస్తాం అన్నది ముందే చెబితే, తర్వాత తమకు నచ్చిన జవాబు వైపు జారిపోయే వీలుండదు. మూడో మెట్టు వెతుకులాట. పేరున్న పత్రికల్లో వచ్చినవే కాకుండా ఇతర భాషల్లో వచ్చినవి, అచ్చుకాకుండా మిగిలిపోయినవి కూడా గాలించాలి. అనుకున్న ఫలితం రాని పరిశోధనలు తరచు అచ్చుకు నోచుకోవు కాబట్టి వాటిని వదిలేస్తే లెక్క ఒకవైపు ఒరుగుతుంది.

నాలుగో మెట్టులో, దొరికినవాటిని కనీసం ఇద్దరు ఒకరితో ఒకరు సంబంధం లేకుండా చదివి వడపోస్తారు. రోగులను రెండు గుంపులుగా లాటరీ పద్ధతిలో పంచారా, లేక పరిశోధకులే ఎంచుకున్నారా అని చూస్తారు. గట్టి శరీరమున్నవాళ్లంతా ఒక గుంపులో చేరితే ఆ గుంపు మెరుగ్గా ఉండటం చికిత్స ఘనత అనిపించుకోదు. మధ్యలో ఎంతమంది తప్పుకున్నారో, ఫలితం కొలిచినవాళ్లకు ఎవరు ఏ గుంపో ముందే తెలుసో కూడా గమనిస్తారు. ఐదో మెట్టులో, కలపదగ్గ ఫలితాలను కలిపి ఒక మొత్తం అంచనా కడతారు. చివరగా, ఆ అంచనాను ఎంత నమ్మవచ్చో కూడా చెబుతారు. జవాబుతోపాటు ఆ జవాబు బలాన్ని కూడా చెప్పడం ఈ పద్ధతిలోని నిజాయితీ.

కాన్యులా ప్రశ్న మీద ఈ పని చేసింది ప్రధానంగా ఆస్ట్రేలియా నర్సు పరిశోధకులే. క్లెయిర్ రికార్డ్ బృందం క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో 3,283 మందిపై చేసిన పరిశోధన 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. అవసరాన్ని బట్టి మార్చిన 1,593 మందిలో 114 మందికి సిరవాపు వచ్చింది. గడువు ప్రకారం మార్చిన 1,690 మందిలోనూ సరిగ్గా 114 మందికే వచ్చింది. రెండు వైపులా నూటికి ఏడుగురే. జోన్ వెబ్‌స్టర్ బృందం కాక్రేన్ కోసం రాసి, ఎన్నోసార్లు సవరిస్తూ వచ్చిన సమీక్ష 2019 నాటికి 9 పరిశోధనలను, 7,412 మంది రోగులను కలిపి చూసింది. మొత్తం మీద సిరవాపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గొట్టం మూసుకుపోవడం, మందు సిర బయటికి ఊరడం మాత్రం గడువు ప్రకారం మార్చినప్పుడు కొంత తక్కువ కావచ్చని ఆ సమీక్షే చెప్పింది. తన మొగ్గుకు ఎదురు నిలిచే సంగతిని కూడా అదే పేజీలో రాసినందుకే దాని మీద నమ్మకం కలుగుతుంది. 2014లో ఇంగ్లండ్ జాతీయ మార్గదర్శకాలు, అవసరం కనిపించినప్పుడే కాన్యులా మార్చాలని చెప్పాయి.

దీంతో వార్డులో నర్సు పని ఎలా మారిందో చూడండి. ఇదివరకు చార్టులో తేదీ చూసి మూడు రోజులు నిండితే తీసేయడమే పని. ఇప్పుడు ప్రతి షిఫ్టులోనూ చేయి చూడాలి. గొట్టం దిగిన చోట ఎర్రదనం ఉందా, పైన అంటించిన పట్టీ ఊడిందా, తడిసిందా, వేలితో మెల్లగా నొక్కితే రోగి ముఖం చిట్లిస్తున్నాడా, సిర పొడవునా గట్టిదనం తగులుతోందా అని చూడాలి. ఇంగ్లండ్ నర్సులు వాడుకలోకి తెచ్చిన సున్నా నుంచి ఐదు వరకు అంకెల కొలత ఒకటుంది. కొద్దిగా నొప్పో, కొద్దిగా ఎర్రదనమో ఉంటే ఒకటి వేసి కనిపెట్టుకుని ఉండాలి. నొప్పి, ఎర్రదనం, వాపు ఈ మూడింటిలో రెండు కనిపిస్తే అంకె రెండు, కాన్యులా వెంటనే తీయాలి. ఐదో రోజు వరకు ఆగే వెసులుబాటు ఇచ్చిన సమీక్షే, మొదటి రోజు సాయంత్రమే తీయాల్సిన బాధ్యతను కూడా పెట్టింది. మూడు రోజుల గడువును నమ్ముకుంటే, రెండో రోజు మొదలైన వాపు మూడో రోజు దాకా ఎవరి కంటా పడకపోవచ్చు.

ఆలస్యానికి చెల్లించిన మూల్యం

ఉన్న ఆధారాలను సకాలంలో కూడదీయకపోతే నష్టం ఎంతవరకు వెళ్తుందో పసిపిల్లల నిద్ర ఉదంతం చెబుతుంది. పడమటి దేశాల్లో దాదాపు అర్ధశతాబ్దం పాటు పసిపాపను బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చారు. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతులో అడ్డం పడతాయన్నది కారణం. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. ప్రసూతి వార్డుల్లో నర్సులు అలాగే పడుకోబెట్టారు, తల్లులకు అలాగే నేర్పారు. నిద్రలోనే ఏ కారణమూ తెలియకుండా పసివాళ్లు చనిపోతూ వచ్చారు. రూత్ గిల్బర్ట్ బృందం 2005లో పాత పరిశోధనలన్నీ వరుసపెట్టి లెక్కవేసి చూస్తే, బోర్లా పడుకోబెట్టడం ప్రమాదమని తేలడానికి సరిపడా ఆధారం 1970 నాటికే ఉన్నట్టు బయటపడింది. ఆ సమీక్ష అప్పుడే జరిగి ఉంటే బ్రిటన్‌లో 10,000కు పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో కనీసం 50,000 మంది పసివాళ్ల మరణాలు ఆగి ఉండేవని వారి అంచనా. బ్రిటన్‌లో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం మొదలైంది 1991లో. తర్వాత ఆ మరణాలు బాగా తగ్గాయి. ఆ ఇరవై ఏళ్లలో ఏ నర్సూ నిర్లక్ష్యం చేయలేదు, తమకు చెప్పింది శ్రద్ధగా చేశారు. శ్రద్ధకు ఆధారం తోడు లేకపోతే ఆ శ్రద్ధే పొరపాటును ఇంటింటికీ మోస్తుంది.

కాన్పు గది కూడా ఇలాంటి అలవాట్లకు నెలవు. నొప్పులతో వచ్చిన స్త్రీకి ఎనిమా ఇవ్వడం, కింద షేవింగ్ చేయడం మన తెలుగునాట పాత తరం తల్లులందరికీ తెలిసినవే. వెంట్రుకల్లో క్రిములుంటాయి, తీసేస్తే ఇన్ఫెక్షన్ రాదు అన్నది ఆలోచన. దీనిమీద కాక్రేన్ సమీక్షకు దొరికినవి మూడే పరిశోధనలు, మొత్తం 1,039 మంది స్త్రీలు. మొదటిది 1922 నాటిది! షేవింగ్ వల్ల తల్లికి జ్వరం తగ్గిందన్న ఆధారం దొరకలేదు. వెంట్రుకలు తిరిగి మొలిచేటప్పుడు మంట, దురద మాత్రం మిగిలాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పుకు ముందు షేవింగ్‌ను, ఎనిమాను అలవాటుగా చేయవద్దని చెప్పింది. ఒక స్త్రీ గౌరవానికి భంగం కలిగించే పనిని దశాబ్దాలపాటు కొనసాగించడానికి ఇంత పలచని ఆధారం సరిపోయిందంటే, అడగడం ఎంత అవసరమో అర్థమవుతుంది.

సమీక్షలు వద్దనడానికే పుట్టలేదు, చేయమని కూడా చెబుతాయి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి గుండెలకు ఆనించి ఉంచే పద్ధతిని ఎడ్గర్ రే అనే వైద్యుడు మొదలుపెట్టారు. అదే కంగారూ మదర్ కేర్. పేదదేశపు సర్దుబాటు అని చాలామంది అనుకున్నారు. 2016 నాటి కాక్రేన్ సమీక్షలో, ఈ పద్ధతిలో పెరిగిన పిల్లల్లో ఆసుపత్రి విడిచే నాటికి మరణాలు సుమారు 40 శాతం తక్కువని తేలింది. అయితే అందులో చాలావరకు బిడ్డ నిలకడపడ్డాక మొదలుపెట్టినవే. పుట్టిన వెంటనే, ఇంకా నిలకడపడని బిడ్డను తల్లికి ఇవ్వవచ్చా అన్న ప్రశ్న మిగిలింది. దాని కోసమే ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో పరిశోధన నడిపింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం, నిలకడపడే దాకా ఆగిన గుంపులో 28 రోజుల్లోపు నూటికి 15.7 మంది బిడ్డలు చనిపోతే, వెంటనే తల్లి ఒంటికి ఆనించిన గుంపులో 12 మంది. తెలిసినదాన్ని కూడదీస్తే తెలియనిది ఎక్కడుందో స్పష్టమవుతుంది, తర్వాతి పరిశోధన అక్కడే మొదలవుతుంది.

అభ్యంతరాలకు జవాబులు

ప్రతి రోగీ వేరు కదా, వేలమంది సగటు నా ముందున్న మనిషికి ఎలా వర్తిస్తుందన్నది మొదటి అభ్యంతరం. సగటు ఒక ఆరంభస్థానం మాత్రమే. కీమోథెరపీ మందు ఎక్కుతున్న రోగి సిరకూ, మామూలు సెలైన్ ఎక్కుతున్న రోగి సిరకూ ముప్పు ఒకటి కాదు. ఆ తేడా చూసి నిర్ణయించేది నర్సే. కానీ ఈ రోగికి తేడాగా చేయాలి అనడానికి కూడా, మామూలుగా ఏం జరుగుతుందో ముందు తెలిసి ఉండాలి. సమీక్ష ఇచ్చేది ఆ మామూలు లెక్క.

ఎక్కడో ఆస్ట్రేలియాలో తేలింది మన ఉక్కపోతకు, చెమటకు, కిక్కిరిసిన వార్డులకు పనికొస్తుందా అన్నది రెండోది. ఇది బలమైన అభ్యంతరం, దీనికి ఊతమిచ్చే సాక్ష్యం కూడా ఉంది. స్విట్జర్లాండ్‌లోని జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో గడువు నియమాన్ని ఎత్తేసి, అవసరాన్ని బట్టి మార్చే పద్ధతి పెట్టారు. 4 లక్షలకు పైగా కాన్యులాల లెక్కలు చూసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఆ మార్పు తర్వాత రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్లు పెరిగినట్టు, పాత గడువు తిరిగి తేగానే తగ్గినట్టు కనిపించింది. అలాంటి ఇన్ఫెక్షన్ చాలా అరుదు. సమీక్షలోని ఏడువేల పైచిలుకు రోగుల్లో అది వేళ్లమీద లెక్కపెట్టేటంత మందికే వచ్చింది కాబట్టి, ఆ విషయంలో తేడాను పట్టుకునే బలం ఆ సమీక్షకు లేదు. పైగా పరిశోధన జరిగేటప్పుడు రోజూ చేతులు చూసే మనుషులుంటారు, మామూలు వార్డులో అంత నిఘా ఉండకపోవచ్చు. జెనీవా పరిశోధనలో రోగులను లాటరీ పద్ధతిలో పంచలేదు, కాబట్టి అదీ తుదితీర్పు కాదు. అయినా దాన్ని తోసిపుచ్చలేం. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే. గడువును ఎత్తేసే హక్కు, గడువుకు బదులుగా రోజూ చూసే ఏర్పాటు ఉన్న వార్డుకే ఉంటుంది. నలభై పడకలకు ఒకే నర్సును పెట్టి, సమీక్ష చెప్పింది కదా అని సూదులు ఎన్నాళ్లైనా వదిలేస్తే అది సమీక్షను పాటించడం అనిపించుకోదు. అక్కడ తేదీ చూసి తీసేయడమే మేలు.

ఆధారం చాలదని సమీక్ష తేల్చినప్పుడు ఏం చేయాలన్నది మూడో అభ్యంతరం. మంచంపట్టిన రోగిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం దీనికి ఉదాహరణ. ఎన్ని గంటలకోసారి తిప్పితే పడకపుండ్లు తగ్గుతాయో గట్టిగా చెప్పే ఆధారం సమీక్షలకు దొరకలేదు. దానర్థం తిప్పడం మానేయమని కాదు. ఒక పనివల్ల ఉపయోగం లేదని తేలడం వేరు, ఉపయోగం ఎంతో ఇంకా తేలకపోవడం వేరు. ఒకేచోట ఒత్తిడి నిలిచిపోతే కండకు రక్తం అందదన్న సంగతి శరీరశాస్త్రం ఎప్పుడో చెప్పింది. తేలేదాకా రోగి చర్మం చూసి, బరువు చూసి, పరుపు చూసి తిప్పుతూనే ఉండాలి. కచ్చితమైన గడియారం ఇంకా దొరకలేదన్న సంగతి మాత్రం మనసులో పెట్టుకోవాలి.

మన వార్డుల్లో జరగాల్సింది

ఒక నర్సు డ్యూటీ మధ్యలో తొమ్మిది పరిశోధనాపత్రాలు చదవలేదు. ఆ చదువు ఒకరు చేసి అందరికీ సారం అందించడానికే సమీక్షలు ఉన్నాయి. కాక్రేన్ సమీక్షలకు మామూలు మాటల్లో రాసిన సారాంశం కూడా ఉంటుంది. 2007లో భారత వైద్య పరిశోధన మండలి ఖర్చు భరించి, దేశంలో ఎవరైనా కాక్రేన్ లైబ్రరీని ఉచితంగా చదువుకునే వీలు కల్పించింది. దారి వేశారు, నడిచేవాళ్లు కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నర్సింగ్ కళాశాలల్లో సూది పెట్టడం నేర్పినంత శ్రద్ధగా ఒక సమీక్షను చదవడం, దాని బలం ఎంతో తూచడం నేర్పాలి. ఆసుపత్రుల్లో రాసిపెట్టే ప్రతి నర్సింగ్ నియమం కింద రెండు విషయాలు కనిపించాలి. ఒకటి, అది ఏ సమీక్ష ఆధారంగా రాసింది. రెండు, మళ్లీ ఎప్పుడు సరిచూస్తారు. ఆ రెండూ లేని నియమాన్ని ప్రశ్నించే హక్కు స్టాఫ్ నర్సుకు ఉండాలి, ప్రశ్నించినందుకు మాట పడకూడదు. ఇక సూది చేతికి ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ నొప్పి మొదలైతే గడువు కోసం ఆగకుండా సిస్టర్‌కు చెప్పండి. మందులు మాత్రల్లోకి మారిపోయినా సూది అలాగే ఉంటే, ఇంకా అవసరమా అని అడగండి. అవసరం తీరిన కాన్యులాను తీసేయాలన్న విషయంలో ఏ సమీక్షకూ, ఏ నిపుణుడికీ భిన్నాభిప్రాయం లేదు.